హాట్ ప్రెస్‌లో పెట్టిన కంప్యూటర్

మూడింటికి పరీక్ష. రెండూ ఇరవైకి కంప్యూటర్ మళ్ళీ ఆరిపోయింది.

"చచ్చింది," అన్నాడు ఫెస్టీ మల్కెరిన్. పొద్దుట్నుంచి అది నాలుగోసారి.

పదమూడో ఏట బడి మానేసి కత్తి పట్టినవాడు. రేవులోని చేపల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు చేపలు కోశాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడి ఏడాదైంది. ఇప్పుడు దీవులకి తిరిగే పడవ మీద తాళ్ళు లాగే పని ఒకటి పడింది. చుట్టుపక్కల ఉన్నది ఆ ఒక్కటే. అది రాకపోతే ఇల్లు విడిచి పనికోసం గాల్వే పట్నం పోవాల్సిందే. తాడు లాగడానికి కూడా పరీక్షట, అదీ కంప్యూటర్‌లోనట. మధ్యలో ఆగిపోతే మళ్ళీ రాయనిచ్చేది లేదని ఉత్తరంలో రాశారు.

"ఎడాపెడా నొక్కుంటావు," అంది భార్య బార్బ్రా.

"నొక్కలేదే! ఊరికే చూస్తున్నా."

"నీ మొహం చూసే చచ్చుంటుంది."

అప్పుడే తడి కోటుతో ఉత్తరాలు పంచే పెగీన్ లోపలికొచ్చింది. ఊళ్ళో సగం ఇళ్ళ కంప్యూటర్లు బాగుచేసేది ఆవిడే. కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

"అమ్మో, దీనిమీద రొట్టె కాల్చొచ్చు! ఎక్కడ పెడతావయ్యా దీన్ని?"

"ఎక్కడేంటి? హాట్ ప్రెస్‌లో."

వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమర అది. ఆ తీరంలో గోడలు కూడా చెమటోడుస్తాయి. దుప్పట్లు, మేజోళ్ళు, ఉప్పు డబ్బా, తడి తగలకూడనిది ఏదైనా అందులోకే. కత్తికి తడి అంటకుండా నలభై ఏళ్ళు కాపాడినవాడు, కంప్యూటర్‌ని మాత్రం వదులుతాడా? పాత ఉన్ని స్వెట్టర్‌లో చుట్టి, తువ్వాళ్ళ మధ్య పడుకోబెట్టేవాడు.

"ఆర్పేనా పెట్టేది?"

"ఆర్పితే మళ్ళీ లేవడానికి ఏడుస్తుందని మూత వేసేవాణ్ణి, అంతే."

పెగీన్ దాన్ని తిరగేసింది. కింద కన్నాలన్నీ బూడిదరంగు నూగుతో పూడిపోయాయి.

"ఇది గాలి పీల్చేది ఇక్కణ్ణుంచేరా తండ్రీ! దీనిచేత గొర్రెని మింగించావు. పని కాగానే ఆర్పెయ్. బల్ల మీదుంచు. వారానికోసారి ఈ కన్నాలు దులుపు. ఇంతే, ఇంకేం విద్య లేదు."

"ముందు చెప్పొద్దూ!"

"ముందు అడగొద్దూ!"

పళ్ళ బ్రష్షుతో గీకారు. గుమ్మం దగ్గర గాలికి చల్లార్చారు. మూడింటికి వెలిగింది, పరీక్ష మొదలైంది. పెగీన్ మిగతా ఉత్తరాలు పంచడానికి వెళ్ళిపోయింది.

ఇరవై రెండో ప్రశ్నకి లోపల ఏదో మూలగడం మొదలైంది. ఫెస్టీ అట్టముక్కతో దానికి గాలి విసిరాడు. ఇరవై ఆరో ప్రశ్న: బిగిసిన తాడు తెగితే మనిషి ఎక్కడ నిలబడి ఉండాలి? ఆ జవాబు అతని ఒంటికి తెలుసు. వేలు ఎత్తాడు.

తెర నల్లబడింది.

పావుగంటకి మళ్ళీ లేచి ఒక్క ముక్కే చూపించింది: మీ పరీక్ష ముగిసింది.

బార్బ్రా అతని అలవాటు కొద్దీ స్వెట్టర్ తీసి కంప్యూటర్‌కి చుట్టబోయింది.

"వద్దే. బల్ల మీదే ఉండనీ," అన్నాడు. మొదటిసారి దాన్ని సరిగ్గా ఆర్పాడు. స్వెట్టర్ తనే తొడుక్కున్నాడు.

"సూట్‌కేసు ఎక్కడుంది?"

ఆమె తలతిప్పి అటువైపు చూసింది. హాట్ ప్రెస్ పై అరలో ఉంది, చెమ్మ తగలకుండా, ఎన్నేళ్ళుగానో.