ఎక్కిళ్ళూ, ఒక పేరూ

పేస్‌మేకర్ పెట్టించుకుని నేను ఇంటికొచ్చిన రోజున మా ఆయన చేసిన మొదటి పని, ఫ్రిజ్‌కి అంటించి ఉన్న అయస్కాంతం బొమ్మలన్నీ పీకి డబ్బాలో వేసి, ఆ డబ్బాని స్కూటర్ షెడ్డులో పెట్టి రావడం. రెండో పని, మిక్సీకి ఎర్ర ట్యాగు కట్టడం. ఆయన భిలాయి స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రికల్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. అక్కడ మోటారు మీద మనుషులు పని చేస్తున్నప్పుడు కరెంటు ఆపేసి స్విచ్చికి ఎర్ర ట్యాగు కడతారట. కట్టినవాడే విప్పాలి, ఇంకొకళ్ళు ముట్టుకోకూడదు. ఆ రూలు తెచ్చి నా వంటింట్లో పెట్టారు.

"మిక్సీ వాడుకోవచ్చని డాక్టరు చెప్పారు కదండీ" అన్నాను.

"ఆ డాక్టరు ప్లాంటులో పని చేశాడేటి?" అన్నారు.

దాంతో కొబ్బరి పచ్చడి మానేసి కారప్పొడితో ఇడ్లీలు తిన్నాం. ఈయనకి నా గుండె కూడా తన సెక్షన్లో ఒక మిషనే అయిపోయిందని ఒళ్ళు మండింది. కానీ ఆయన మొహం చూసి ఊరుకున్నాను. నేను పడిపోయినప్పుడు చూసింది ఆయనే.

ఆ పడిపోవడం గురించి చెప్పాలి. పప్పు దించుతున్నాను. కళ్ళు తిరగలేదు, చెమట పట్టలేదు. నిలబడి ఉన్నాను, తర్వాత నేల మీద ఉన్నాను, మధ్యలో ఏమీ లేదు. గిన్నె నా పక్కనే బోర్లాపడి ఉంది, వేడి పప్పు కాస్త ఇటుగా వస్తే నా మొహం మీద పడేది. గుండెలో సహజంగా పుట్టే కరెంటు మధ్యమధ్యలో అందడం లేదని, ఎప్పుడైనా ఎక్కువసేపు అందకపోతే ఇక లేవనని రాయపూర్ డాక్టరు చెప్పాడు. అందుకని ఎడమ భుజం కింద చర్మంలో చిన్న పెట్టె పెట్టి, దాన్నుంచి ఒక వైరుని నరంలోంచి గుండెలోకి దించారు. గుండె మరిచిపోయినప్పుడల్లా ఆ వైరు గుర్తు చేస్తుందన్నమాట.

ఎడమ చెయ్యి భుజం దాటి ఎత్తకూడదని చెప్పి పంపించారు. మగవాళ్ళకి అదేమంత కష్టం కాదేమో. నాకు జడ వేసుకోవడం కుదరదు. జాకెట్టు తొడుక్కోవడం పెద్ద పని. పైట వచ్చి సరిగ్గా కుట్ల మీదే పడుతుంది, పిన్ను పెట్టుకునే చోటే పెట్టె ఉంది. జడ మా ఆయన వేశారు, కేబుల్ కట్ట కట్టినట్టు బిగించి. చీర సంగతి మాత్రం పక్క క్వార్టరావిడ చూసింది. ఆవిడది దుర్గ్ దగ్గర పల్లెటూరు. నాకంటే చిన్నది, నన్ను దీదీ అంటుంది. వాళ్ళు కట్టుకునేట్టు పైటని వెనకనుంచి తెచ్చి కుడి భుజం మీదుగా ముందుకి వేసి, ఎడమవైపు బరువు లేకుండా చేసింది. పెళ్ళయినప్పటినుంచీ ఇక్కడే, భిలాయి సెక్టర్ ఆరులోనే ఉంటున్నా, ఆ కట్టు నేర్చుకోడానికి గుండె చెడాల్సివచ్చింది.

ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక వరండాలో కూర్చున్నాం. ఆవిడ బఠాణీలు ఒలుస్తోంది. ఉన్నట్టుండి నా పక్కటెముకల కింద ఏదో చిన్నగా ఎగిరింది. మళ్ళీ ఎగిరింది. చీర కుచ్చిళ్ళు కూడా కదిలాయి.

"కోయీ యాద్ కర్ రహా హై, దీదీ" అందావిడ.

మనవైపు పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటాం. ఇక్కడ ఎక్కిళ్ళు వచ్చినా అంతే. ఒక్కొక్కరి పేరూ పైకి చెప్పాలి, ఎవరి పేరు దగ్గర ఎక్కిళ్ళు ఆగితే వాళ్ళు తలుచుకుంటున్నట్టు. భిలాయిలో ఇన్నేళ్ళున్నాక మా ఇంట్లో రెండూ చెల్లుతాయి. నేను పేర్లు మొదలుపెట్టాను. మా అమ్మాయి, మా అల్లుడు, మా అన్నయ్య, నాతో పనిచేసి ఎప్పుడో బదిలీ అయిపోయిన స్కూలు టీచర్లు. ఒక్కో పేరుకీ ఆవిడ ఏదో ఒకటి అంటోంది, ఇద్దరం నవ్వుతున్నాం. విజయనగరంలో ఉన్న మా ఆడపడుచు పేరు చెప్పేసరికి కడుపులో ఎగరడం ఆగిపోయింది.

మా ఆయన అప్పటికప్పుడు చెల్లెలికి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, నాకు బారెడు దూరంలో పట్టుకుని నిలబడ్డారు.

"అవును వదినా, ఇప్పుడే అనుకున్నాం" అంది మా ఆడపడుచు. "నీ సేతి పులిహోర తిని ఎన్నాళ్ళయిపోయిందో అని. ఇంతలో నువ్వే ఫోన్ సేసీసావు."

పక్కింటావిడ గెలిచినట్టు చూసింది. ఇంకేం కావాలి, అందరం నమ్మేశాం.

తర్వాత రోజూ వచ్చేవి. కుదురుగా కూర్చున్నప్పుడు, నడుం వాల్చినప్పుడు. రాగానే పక్కింటావిడ వచ్చేసేది, పేర్లు మొదలు. కాసేపు నవ్వుకుంటే ఎక్కడో ఒకచోట ఆగేవి. అందరి పేర్లూ చెప్పావు గానీ భయ్యా పేరు చెప్పలేదే అని ఒకరోజు పట్టుకుంది. నేను మా ఆయన పేరు చెప్పను. కొత్త కోడలిగా వచ్చిన రోజున గడప దగ్గర నిలబెట్టి మా ఆడపడుచు ఒకసారి చెప్పించింది, అది కూడా తలుపుకి అడ్డం నిలబడి, చెప్తేగానీ లోపలికి రానివ్వనంటే. ఆ తర్వాత మళ్ళీ చెప్పలేదు. ఆస్పత్రిలో అడిగినా ఆయనవైపు చూపిస్తాను, ఆయనే చెప్పుకుంటారు. చదువుకుని, పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, ఇదేం చాదస్తమని మా అమ్మాయి వెక్కిరిస్తుంది. చాదస్తమే. నోరు రాదు, అంతే.

"ఎదురుగా కూర్చున్న మనిషి తలుచుకోడం ఏటి?" అని మా ఆయనే ఆవిడకి జవాబు చెప్పారు.

పైకి నవ్వుతున్నానే గానీ నాకు లోపల అనుమానం మొదలైంది. ఎక్కిలి అంటే గొంతులో చప్పుడు రావాలి. ఇది కడుపు దగ్గరే ఎగిరి ఊరుకుంటోంది. పైగా ఒకే ఎడంతో వస్తోంది, గడియారం ముల్లు నడిచినట్టు. ఎడమపక్కకి తిరిగి పడుకుంటే ఇంకా గట్టిగా కొడుతోంది. భుజం కొసన ఒక సన్నటి నొప్పి. ఎవరికీ చెప్పలేదు. భయం వేసింది. నన్ను బతికించడానికి పెట్టిన వస్తువులోనే తేడా ఉంటే ఇక దేన్ని నమ్ముకోను? అందుకని ఎక్కిళ్ళే అనుకోవడం హాయిగా ఉంది.

మా ఆయనకీ అనుమానం వచ్చింది గానీ అది గోడ అవతలికి పోయింది. పక్కింటివాళ్ళ ఇండక్షన్ పొయ్యి మా గోడని ఆనుకుని ఉందని, దాని ప్రభావమేనని తేల్చి, వెళ్ళి ఆవిడని బతిమాలి ఆపించారు. పాపం ఆవిడ గ్యాసు మీదే టీ పెట్టుకుంది. ఎక్కిళ్ళు మాత్రం ఆగలేదు.

ఆ వారంలోనే ఒక ఉదయం పెరుగు తీద్దామని ఫ్రిజ్ తలుపు తీశాను. తర్వాత చూస్తే రెండు చేతులతో ఆ తలుపుకి వేళ్ళాడుతున్నాను, పెరుగు గిన్నె నేల మీద ఉంది. మధ్యలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని నేను గుర్తుపట్టాను. పేస్‌మేకర్ పెట్టించుకున్నది అది మళ్ళీ రాకూడదనే.

"ఏవండీ" అని పిలిచాను. ఆయన వచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. కూర్చోగానే కడుపులో ఎగరడం మొదలైంది.

"నా నాడి చూడండి. దీన్ని కూడా చూడండి" అన్నాను.

ఒక చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. రెండో అరచెయ్యి పక్కటెముకల కింద ఆనించారు. నాడి కొట్టినప్పుడల్లా కడుపు దగ్గరా కొడుతోంది. ఒక్కటి కూడా తప్పడం లేదు. ఆయన చేతులు తియ్యలేదు, నావైపు చూడలేదు.

"ఎక్కిలి కాదిది" అన్నారు. "వైరు బాడీకి తగులుతోంది."

మోటారు లోపలి వైరు జరిగి పైనున్న ఇనప తొడుగుకి తగిలితే ప్లాంటులో అలాగే అంటారు. గుండెలో ఉండాల్సిన వైరు కొస ఎక్కడికో జరిగి, గుండెకి ఇవ్వాల్సిన కరెంటు కడుపు కండకి ఇస్తోంది. గుండెకి అందనప్పుడు నేను పడిపోతున్నాను. ఇన్నాళ్ళూ గోడవతల పొయ్యిని అనుమానించిన మనిషికి అది ఒక్క క్షణంలో అర్థమైంది. నాకూ అర్థమైంది.

రాయపూర్ డాక్టరుకి ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నాడు. అంబులెన్సు కోసం చూసే ఓపిక ఈయనకి లేదు, మా కారే తీశారు. వెనక సీట్లో పక్కింటావిడ నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. రాయపూర్ దారిలో చరోదా దగ్గర లారీల వెనక ఇరుక్కున్నాం. ముందు ఒక ట్రైలరు, రెండుపక్కలా బళ్ళు. ఆయన హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు.

"నువ్వు మాట్లాడుతూ ఉండు. ఊరుకోకు" అన్నారు.

"ఏం మాట్లాడను?"

"పేర్లు చెప్పు. రోజూ చెప్తావు కదేటి."

అలా మొదలుపెట్టాను. మా అమ్మాయి, అల్లుడు, అన్నయ్య, ఆడపడుచు. పేరు పేరుకీ మధ్య కాస్త ఆలస్యమైతే ఆయన తల వెనక్కి తిరిగేది. "రోడ్డు చూడండి" అని, ఇంకో పేరు చెప్పేదాన్ని. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఏ పేరు దగ్గరా ఆగలేదు. పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని ఏదో జపం చేసుకుంటోంది, ఆవిడ కళ్ళనీళ్ళు నా నుదుటి మీద పడుతున్నాయి. కుమ్హారి వచ్చేసరికి నాకు తెలిసిన పేర్లన్నీ అయిపోయాయి.

"అయిపోయాయండీ" అన్నాను.

"మళ్ళీ మొదట్నించి చెప్పు" అన్నారు. తన పేరు చెప్పమని ఆయన అనలేదు. నేనూ చెప్పలేదు.

ఆస్పత్రిలో ఎక్సరే తీశారు, గుండెకి స్కాను చేశారు. వైరు కొస గుండె గోడని గుచ్చుకుని బయటికి వచ్చిందని డాక్టరు చెప్పాడు. ఎవరి తప్పూ కాదన్నాడు. చిన్న శరీరం ఉన్న ఆడవాళ్ళకి ఆ గోడ పల్చగా ఉంటుందట, వాళ్ళలోనే ఇలాంటివి ఎక్కువ చూస్తారట. నవ్వితే ఆగిపోయేవని నేను చెప్పాను. నవ్వితే గుండె వేగం పెరుగుతుంది, అప్పుడు మిషను ఊరుకుంటుంది, అందుకని ఆగాయి అన్నాడు. అంటే మా ఆడపడుచు పులిహోరకి దీనితో ఏ సంబంధమూ లేదన్నమాట.

వైరుని నెమ్మదిగా వెనక్కి లాగి ఇంకోచోట బిగించాలి. లాగినప్పుడు ఆ చిల్లు దానంతటదే మూసుకుపోవచ్చు. మూసుకోకపోతే నెత్తురు గుండె చుట్టూ చేరుతుంది, అప్పుడు ఛాతీ కొయ్యాలి. అందుకోసం సర్జన్లు పక్కనే సిద్ధంగా ఉంటారు. ఇదంతా హిందీలో చెప్తుంటే మా ఆయన తల ఊపుతున్నారు. జీవితమంతా ప్రశ్నలు వేసిన మనిషి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

నాకు మెలకువగానే ఉంది. భుజం దగ్గర మాత్రం మత్తిచ్చారు. ఆ గది చల్లగా ఉంది, మొహం మీద గుడ్డ కప్పారు. కడుపులో అది కొడుతూనే ఉంది. భుజం దగ్గర ఎవరో లాగుతున్నట్టు తెలుస్తోంది గానీ నొప్పి లేదు. చచ్చిపోతానేమోనని చాలా భయమేసింది. కారులో ఆయన చెప్పమన్నారు కదా అని గుడ్డ కింద మళ్ళీ పేర్లు మొదలుపెట్టాను. ఆడపడుచు దాకా వచ్చాను, టీచర్ల దాకా వచ్చాను, అయిపోయాయి. మళ్ళీ మొదట్నించి చెప్పబుద్ధి కాలేదు. ఒక్కటే మిగిలింది. అది పైకే చెప్పాను.

"క్యా బోలీ, అమ్మా?" అంది నర్సు.

ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు. అదే ఎడంతో కొట్టింది, మళ్ళీ కొట్టింది.

"ఊపిరి పీల్చి బిగపట్టండి, కదలొద్దు" అన్నాడు డాక్టరు. బిగపట్టాను. భుజం దగ్గర సన్నగా జరిగింది. కడుపులో కొట్టడం టక్కున ఆగిపోయింది. లోపలంతా నిశ్శబ్దం. గుండే ఆగిపోయిందనుకున్నాను. ఊపిరి వదలమని ఎవరో అంటున్నా వదల్లేదు.

"అమ్మా, అయిపోయింది. ఇటు చూడండి" అని డాక్టరు గుడ్డ జరిపాడు. తెరమీద నా గుండె కదులుతోంది. చుట్టూ నెత్తురు లేదని స్కాను చూసే ఆవిడ చెప్పింది. కొంచెం ఆగి మళ్ళీ చూసి, మళ్ళీ లేదని చెప్పింది. అప్పుడు ఏడ్చాను.

ఇంటికి పంపించిన రోజున ఇద్దరమే కారులో బయల్దేరాం. నేను ముందు సీట్లో, కుడి భుజం మీద పైటతో. ఆయన చాలా నెమ్మదిగా నడుపుతున్నారు, మోపెడ్లు కూడా దాటిపోతున్నాయి. కుమ్హారి దగ్గరికి వస్తుంటే అక్కడ అయిపోయిన పేర్లు గుర్తొచ్చాయి.

"అక్కడ బల్ల మీద మీ పేరు చెప్పాను" అన్నాను.

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ఆగిందేటి?"

"లేదు. డాక్టరు లాగితే ఆగింది."

బండి ఇంకా నెమ్మది చేశారు.

"తలుచుకోలేదు మరి" అన్నారు. "బయట కుర్చీలో కూర్చున్నాను. నాకేటీ గుర్తులేదు. నువ్వెలాగుంటావో కూడా గుర్తు రాలేదు, తెలుసా? ఒట్టి భయం, అంతే." కాసేపటికి, "ఏదీ, ఒకసారి చెప్పు" అన్నారు.

చెప్పాను. గడప దగ్గర చెప్పినట్టు కాదు, మామూలుగా, ఎవరినో పిలిచినట్టు. నా లోపల ఏదీ ఎగరలేదు. ఆయన మాత్రం బండి పక్కకి తీసి ఆపేశారు. కర్చీఫు కోసం జేబులన్నీ వెతుక్కున్నారు, దొరకలేదు. నేను పైట కొంగు అందించాను, కుడి చేత్తో.