నెట్టకుండానే స్టార్టయిన కారు

బోధన్‌లో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న పాత కారొకటి కొన్నాను. దాని వెనక తలుపు పైకి లేస్తుంది. ఎండాకాలమంతా తుప్పు గోకి, రేకు అతికించి, రంగు వేయించాను. ఇన్నాళ్లూ అది నెడితేనే స్టార్టయ్యేది. నెట్టడం ఎదుటి హోటల్లో చాయ్ తాగేవాళ్ల బాధ్యత.

ఈ రోజు కొత్త బ్యాటరీ వేసి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. అప్పటికే హోటల్లోంచి మరో ముగ్గురితో వచ్చి వెనక తలుపుకు చేతులు ఆనించి నిలబడ్డ సాయిలన్న కిటికీ దగ్గరికి వచ్చాడు.

"చాయ్ సగంల ఇడిసిపెట్టి వచ్చినం. గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా?"

"నాకే తెల్వదన్నా."

"మంచిది తియ్. ఇగ మాతోని నీకేం పని?"

వెనకున్న ముగ్గురూ మొహాలు ముడుచుకున్నారు. నేను ఇంజను ఆపేశాను.

"కొత్త బ్యాటరీని నమ్మొద్దు. జర నూకుండ్రి అన్నా."

అలా కొత్త బ్యాటరీతో నా కారు మొదటి షికారు నలుగురి భుజబలం మీద బస్టాండు దాకా సాగింది. రేపు బ్యాటరీ ఉంచాలా, తీసేయాలా? మీరే చెప్పండి.