సగం సగం తీర్పు

ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక్క మలుపులో నాకు పోయినవి ఇవి. నాలుగో స్థానం. దానికొచ్చే పన్నెండు పాయింట్లు. కారు ముందు రెక్క, అది తెర మీదిదే అనుకోండి. మూడు వారాలపాటు రోజూ గంటసేపు ఆ ట్రాక్ మీద చేసిన సాధన. అన్నిటికంటే ముఖ్యంగా, మొదటి గ్రూపులో నా చోటు. రెక్క తర్వాతి రేసుకు మళ్లీ వచ్చింది. మిగతావి రాలేదు.

నాది తెనాలి. టింబర్ డిపోలో దుంగలు కొలుస్తాను. చుట్టుకొలత, పొడవు తీసి ఎన్ని ఘనపుటడుగులో తేల్చడం నా పని. కాలేజీకి వెళ్లలేదు, లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. కంప్యూటర్‌లో కారు రేసులు కూడా అలాగే వచ్చాయి. టేకు బల్లకు స్టీరింగ్ బిగించి, కాళ్ల దగ్గర పెడల్స్ పెట్టుకుని, ఎవరింట్లో వాళ్లం కూర్చుని ఇంటర్నెట్లో పోటీ పడతాం. తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్లం పదహారు మందిమి ఒక లీగ్. ఈ సీజను అందరం కలిసి నడిపాం. సీజను చివర పైనున్న ఎనిమిది మంది మొదటి గ్రూపు, మిగతావాళ్లు రెండో గ్రూపు అని ముందే చెప్పారు. రెండో గ్రూపంటే కారుకు బ్రేకు కూడా ఉంటుందని తెలియనివాళ్ల గుంపు. నేను అక్కడికి పోకూడదు. నాకున్న పట్టుదలంతా అదే.

నన్ను గుద్దినాయన రేపల్లె మనిషి. నిజాంపట్నం పడవలకు ఐసు తోలుతుంటాడు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. ఇంకో రెండు ల్యాపుల్లో రేసు అయిపోతుందనగా, పొడవాటి దారి చివర కుడి మలుపులో నా వెనక నుంచి వచ్చి తగిలించాడు. నేను గిర్రున తిరిగి ఇసకలో పడ్డాను. ఆయన నాలుగో స్థానంలో గమ్యం చేరాడు, నేను పన్నెండో స్థానంలో. పన్నెండో స్థానానికి సున్నా.

హెడ్‌ఫోన్స్‌లో ఆయన గొంతు వినపడింది. "సారీ బాబాయ్ గారూ, నెట్ ఆగిందండీ. మా ఊళ్లో వాన."

"వాన మీ బ్రేకు మీద పడిందా?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. "ఎవరు, ఆ ఐసాయనేనా?"

"ఆయనే."

"ఆ చక్రం వదలండి, విరిగిపోద్ది. ఊడిందంటే మళ్లీ బిగించేది మీరే."

లీగ్ వాట్సాప్ గ్రూపులో నీతులు మొదలయ్యాయి. గట్టిగా ఊపిరి పీల్చుకోండి. మైకు ఆపేయండి. లేచి మంచినీళ్లు తాగండి. ఆటేగా అండీ. నేను గమనించిందేమిటంటే, ఓపిక పట్టమని చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఎవరినో ఒకరిని గుద్దినవాళ్లే. గుద్దించుకున్నవాళ్లెవరూ ఆ మాట రాయలేదు. నేను మైకు ఆపాను, మంచినీళ్లు తాగాను. కోపం తగ్గలేదు. నా కోపానికి ఒక్కటే మందు, కొలవడం. రేసు రికార్డింగ్ పెట్టి కూర్చున్నాను.

ఆ మలుపుకు ముందు దూరం చెప్పే పలకలుంటాయి. అంతకుముందు ల్యాపులన్నిటిలో ఐసాయన తొంభై మీటర్ల దగ్గర బ్రేకు వేశాడు. ఒకట్రెండుసార్లు తొంభై ఐదు. ఆ ల్యాపులో మాత్రం అరవై దాటాక వేశాడు. నెట్ ఆగితే కారు తెర మీద మాయమై ఇంకోచోట తేలుతుంది. ఆయన కారు ఎక్కడా ఎగరలేదు, టైరు గుర్తు తెగలేదు. అంటే వాన లేదు, నెట్ లేదు, ముప్పై మీటర్ల తొందర ఉంది. అంతే.

మా లీగ్‌లో తగాదాలకు పెద్దమనుషులున్నారు, ఊరికొకరు. వాళ్లలో పెద్ద బాపట్ల మాస్టారు. రేపల్లె పెద్దమనిషి ఐసాయనకు సొంత బావ. తీర్పు బాపట్లలో, మాస్టారి వరండాలో. అది అయ్యాక ఇద్దరూ అక్కడే టీ తాగాలి. టీ తాగితే తీర్పు ఒప్పుకున్నట్టు.

రైల్లో వెళ్లాను. నా కొలతలు చెప్పాను. మాస్టారు శ్రద్ధగా విన్నారు, అది కాదనను. ఆ తర్వాత పెద్దమనుషులు ముగ్గురూ లోపలికెళ్లి వచ్చారు.

"ఇద్దరూ మనవాళ్లేనండీ," అన్నారు మాస్టారు. "పన్నెండులో సగం ఆరు. మీకు ఆరు ఇస్తాం. ఆయనవి తీసెయ్యం. గట్టు తగాదా అయినా ఇట్లాగే కదా తెంచుతాం."

"తప్పు ఆయనదైతే పన్నెండు ఇవ్వాలి, కాకపోతే సున్నా. ఆరు ఏ ప్రశ్నకు జవాబండీ?"

"సర్దుబాటండీ."

"దుంగను ఒకరు నలభై అడుగులని, ఇంకొకరు ముప్పై అని కొలిస్తే ముప్పై ఐదని రాయను మాస్టారూ. మళ్లీ టేపు పెడతాను."

ఐసాయన బావ కల్పించుకున్నాడు. "ఇక్కడ కలప అమ్మట్లేదు కదండీ."

"న్యాయం కూడా ఉన్నట్టు లేదండీ," అన్నాను.

ఐసాయన తన టీ రెండు గుటకల్లో తాగేశాడు. నేను నాది ముట్టుకోలేదు. మాస్టారి భార్య వచ్చి, "పంచదార తక్కువైందా అన్నయ్యగారూ?" అని, నేను జవాబిచ్చేలోపే ఇంకో చెంచా వేసి వెళ్లింది. అది కూడా అలాగే చల్లారింది. తిరుగు రైల్లో మా తెనాలి తరఫు పెద్దమనిషి దారి పొడవునా కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు.

సీజను అయిపోయింది. ఎనిమిదో స్థానం ఐసాయనది, డెబ్భై ఒకటి. తొమ్మిదోది నాది, అరవై ఏడు. నా పన్నెండూ ఇచ్చి ఉంటే డెబ్భై మూడు. ఆయన డెబ్భై ఒకటి దగ్గరే ఉన్నా నేనే పైన ఉండేవాణ్ణి. ఈ లెక్క గ్రూపులో పెట్టాను. ఎవరో చప్పట్లు కొట్టే బొమ్మ పెట్టారు. ఐసాయన మాత్రం, "రెండో గ్రూపులో బాగా గెలవండి బాబాయ్ గారూ, మళ్లీ కలుద్దాం" అని రాశాడు.

కొత్త సీజను మొదలయ్యే ముందు మాస్టారు ఫోన్ చేశారు. పాయింట్ల పట్టిక ఈసారి నన్ను చూడమంటున్నారట.

"అందరూ మిమ్మల్నే అడగమన్నారండీ. మీ లెక్క మీద ఎవరికీ అనుమానం లేదు."

"అనుమానం లేకపోతే ఆ రోజు సగం ఎందుకు కోశారండీ?"

"అయిపోయిన సీజనండీ అది. మీరు కూడా సరేనన్నారుగా."

"నేను అనలేదు. టీ కూడా తాగలేదు."

"ఇప్పుడేం చేయమంటారండీ?"

"పోయిన సీజను పట్టిక తప్పని రాయండి. దిద్దాక నాకు పంపండి, అప్పుడు చూస్తాను."

"అట్లా రాస్తే రేపల్లె వాళ్లు లీగ్ వదిలేస్తారండీ."

"వదలనివ్వండి."

ఆయన ఆలోచిస్తానన్నారు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. పట్టిక వేరే ఎవరో చూస్తున్నారు, నేను రెండో గ్రూపులో నడుపుతున్నాను. మొన్నటి ఆదివారం కూడా మొదటి మలుపులోనే ఇసకలోకి తోశారు. అందుకు ఫిర్యాదు చేయలేదు. మొదటి తగాదా తేలకుండా రెండోది తీసుకెళ్లను. నాకు లీగ్ ఇవ్వాల్సింది ఆరు పాయింట్లు.