గుర్రపు రౌతులందరికీ బంగారు పూత

2022 వేసవి. బందరు చిలకలపూడిలో గిల్టు నగలకి పూత వేసే మా ప్లేటింగ్ షెడ్డుకి గుడివాడ నుంచి కామేశ్వరరావు మాస్టారు రెండు అట్టపెట్టెలతో వచ్చారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. పెట్టెల్లో గోరంతేసి ఇత్తడి కవచాలు. రౌతు బొమ్మలు ఇంటి దగ్గరున్నాయట, వాటికి తొడిగి ఆ కాలేజీలోనే పిల్లలకి ప్రదర్శన పెడతారట.

"నెపోలియన్ అశ్వదళంలో ఒక డివిజనండీ ఇది. చిన్న పెట్టె కారబినియర్లది. ఆస్ట్రియాతో 1809 యుద్ధానికి ఛాతీకి కవచం లేకుండా వెళ్ళి బాగా దెబ్బతిన్నారు. ఆ తర్వాతే ఆయన వీళ్ళకి ఇత్తడి రేకు కప్పిన కవచాలు ఇప్పించాడు. పెద్ద పెట్టె క్యూరాసియర్లది. వీళ్ళవి ముందునుంచీ ఉక్కువే. చిన్నదానికి పసుపు, పెద్దదానికి తెలుపు. మర్చిపోరుగా?"

"రంగులతో బతికేవాణ్ణి, మర్చిపోతానా మాస్టారూ" అన్నాను.

మా పనిలో ముందు నికెల్ ఎక్కిస్తాం. అది తెల్లగా ఉంటుంది. దానిమీద ఫ్లాష్, అంటే పలచటి బంగారు పూత. నికెల్‌తో ఆపితే సరుకు సగంలో వదిలేసినట్టే మాకు. పెద్దాయన ఖర్చుకి వెనకాడుతున్నారనుకుని, నా తరఫున కానుకగా పెద్ద పెట్టెకీ బంగారమే వేశాను.

ప్రదర్శన రోజు నేనే కాలేజీ హాలుకి పట్టుకెళ్ళాను. మాస్టారు పెద్ద పెట్టె మూత తీసి, ఒక కవచాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఊరికే వేశానండీ, మీకోసం" అన్నాను.

వేరే దారి లేక అవే తొడిగారు. ఒకమ్మాయి అడిగింది: "మాస్టారూ, అందరూ ఒకేలా ఉన్నారు. మీరు చెప్పిన తేడా ఏదండీ?"

"నేనే తప్పు చెప్పి చేయించానమ్మా."

నేను గోడ పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. బయటికొస్తుంటే ఒక లెక్చరర్ పక్కాయనతో, "మాస్టారికి మరపు మొదలైనట్టుంది. ఇంక పిలిచి శ్రమ పెట్టకూడదు" అన్నాడు. ఆ తర్వాత నిజంగానే పిలవలేదు.

కొన్నాళ్ళకి మాస్టారు పెద్ద పెట్టెతో మళ్ళీ మా షెడ్డుకే వచ్చారు. "ఈసారి కానుకలొద్దు బాబూ, తెలుపు చాలు."

ఒక్కొక్క కవచాన్నీ చేత్తో రుద్ది, ఫ్లాష్ తీసి, కింది నికెల్ బయటపెట్టాను. పని సాగినన్నాళ్ళూ ఆయన ఎదుట స్టూలు మీద కూర్చుని ఆ రౌతుల సంగతులు చెప్పారు. నా తప్పు గురించి ఒక్క మాట లేదు. అంత పెద్దమనసు నాకు మరెవరి దగ్గరా దొరకలేదు. అది నన్ను ఊరికే ఉండనివ్వలేదు. కాలేజీకి వెళ్ళి ప్రిన్సిపాల్ గారికి జరిగింది చెప్పాను. ఆయన మాస్టారిని మళ్ళీ పాఠం చెప్పడానికి పిలిపించారు.

హాల్లో పిల్లలందరి ముందూ లేచి, "సారు రెండు రంగులూ విడివిడిగా చెప్పారండీ. విననిది నేను" అన్నాను.

"సరే, కూర్చోండి. గుర్రాలు ఎంతసేపు నిలబడతాయి?" అన్నారు మాస్టారు. పిల్లలు నవ్వారు.

అడిగినదానికంటే ఎక్కువ ఇవ్వాలనిపిస్తే, ముందు ఆ మనిషినే అడగడం అప్పటినుంచీ నా పద్ధతి. ఆ రోజు మాస్టారు కాగితం ముక్క లేకుండా పాఠం చెప్పారు, ఒక్క రెజిమెంటు దగ్గర కూడా తడుముకోలేదు. ఆ లెక్చరర్ ముందు వరసలో కూర్చుని రాసుకుంటున్నాడు.