యోరాము కళ్ళు మూసుకుని ఎంచుకున్న తుపాకీ

మా కవలిక ఊళ్ళో యోరామును చూసి భయపడే ప్రాణి లేదు. కోడి కూడా ఆయనకు దారి ఇవ్వదు. మనిషి ఎంత పొట్టి అంటే, నిలబడి ఉన్నాడో కూర్చుని ఉన్నాడో ఆయన భార్య నేలియాని అడిగి తెలుసుకోవాలి. అలాంటివాడు పంతొమ్మిదేళ్ళు వేటగాళ్ళకు ముందు నడిచాడు. లువాంగ్వా నది ఒడ్డున ఏ అడుగు చూపించినా, అది పొద్దున పడిందా నిన్న పడిందా, ఆ జంతువు కడుపు నిండి పోయిందా అలిగి పోయిందా, అన్నీ చెప్పేవాడు. దేశదేశాల దొరలు తుపాకులు పట్టుకుని ఆయన వెనకాల నడిచేవారు. ముందు నడిచే ఈయన చేతిలో మాత్రం ఒక కర్ర.

నేనింకా ఊరి కమిటీ ఆఫీసు ముందు కూర్చుని వితుంబువ వేయిస్తున్నానంటే అది ఆయన చలవే. నూనెలో తీపి పిండి ఉండ పొంగి పైకి తేలినప్పుడల్లా ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను. ఎందుకో చెప్తాను. మాటకు నాలుగు మాటలు కలుపుతానని ఊళ్ళో నాకు పేరుంది. ఇందులోనూ కలిపే ఉంటాను. కొలత చెప్పిన చోట మాత్రం నమ్మండి.

వేట కంపెనీ మా వైపు శిబిరం ఎత్తేస్తున్న ఏడాది, పంటల మీద పడే జంతువుల నుంచి ఊరిని కాచే పనిని కమిటీ యోరాముకు ఇచ్చింది. శిబిరం నడిపిన ముసలి దొర మూడు తుపాకులు తెచ్చి ఆఫీసు బల్ల మీద పరిచాడు.

"వీటిలో ఒకటి మీ ఊరికి. యోరామే ఎంచుకోవాలి. మార్చుకోవాలంటే నెలాఖరులోగా చెప్పండి. తరవాత నేనుండను" అన్నాడు.

మొదటిది రెండు గొట్టాలది, అయిదు వందల నంబరు. దాని తూటా అరటిపండంత ఉంటుంది. అది పేలితే నది అవతల కోళ్ళు వేళ కాని వేళ గుడ్లు పెట్టేస్తాయి. రెండోది నాలుగు వందల యాభై ఎనిమిది, నల్లగా పొట్టిగా, పలకరిస్తే కసురుకునే మామగారిలా ఉంది. మూడోది మూడు వందల డెబ్భై అయిదు. దాని కర్రపిడి నిండా గీతలు, తోలుపట్టీ తెగితే ముడేసి ఉంది.

"అడవిదున్న మీదికి పోవడానికి చట్టం ఒప్పుకునే వాటిల్లో ఇదే చిన్నది" అన్నాడు కాగితాలు రాయడానికి వచ్చిన వన్యప్రాణి శాఖ ఆఫీసరు.

ఊరంతా కిటికీలకు వేలాడుతోంది. అందరి కళ్ళూ రెండు గొట్టాల దాని మీదే. ఊరిపెద్ద సందిఫోలో గారికి గిడియోను అని ఒక మేనల్లుడున్నాడు. భుజాలు ఎంత వెడల్పంటే గుమ్మంలోంచి పక్కకు తిరిగి రావాలి. ఆ కాపలా పని తనకు రాలేదని అతనికి లోపల మంట.

"పెద్దది తీసుకో బాబాయ్! మొయ్యలేకపోతే చెప్పు, దాన్నీ నిన్నూ కలిపి నేను మోస్తాను" అన్నాడు. కిటికీలన్నీ నవ్వాయి.

యోరాము నవ్వలేదు, కోప్పడలేదు. ఎనామెలు గ్లాసు ఒకటి అడిగి మామిడి కొమ్మకు వేలాడదీశాడు. మూడు తుపాకుల్లోనూ తూటా లేదని వేలు పెట్టి చూసుకున్నాడు. రెండు గొట్టాల దాన్ని నడుము దగ్గర పట్టుకుని, గ్లాసు వైపు ఒకసారి చూసి, కళ్ళు మూసుకున్నాడు. మూసుకునే తుపాకీని భుజానికి ఎత్తాడు.

అంతే. నేను అక్కడితో ఆగలేకపోయాను. బూరెలమూకుడు పొయ్యి మీదే వదిలేసి బోరింగు దగ్గరికి పరుగెత్తాను.

"ఏమర్రా, యోరాము కళ్ళు మూసుకుని తుపాకీ ఎంచుకుంటున్నాడు!"

"నిజంగానా ఎలిటా?"

"నా ఈ రెండు కళ్ళతో చూశాను!"

మధ్యాహ్నానికి ఆయన చిన్న తుపాకీనే తీసుకున్నాడని తెలిసింది. సాయంత్రానికల్లా నా నోట్లో ఆయనకు చూపు తగ్గింది. ఆదివారం చర్చి వదిలేసరికి, నేలియా అనుకుని మేకతో మాట్లాడుతున్నాడని కూడా నేనే చెప్పాను. మేక సంగతి జనానికి బాగా నచ్చింది. నాకూ నచ్చింది, అందుకే మళ్ళీ మళ్ళీ చెప్పాను.

మూడు వారాల తరవాత సందిఫోలో నా పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఎలిటా, మేక సంగతి వదిలెయ్. కళ్ళు మూసుకోవడం నువ్వు చూశావా?"

"చూశాను పెద్దయ్యా."

అది అబద్ధం కాదు. కాకపోతే కళ్ళు తెరిచాక ఏం జరిగిందో నేను చూడలేదు. ఆ ముక్క చెప్పలేదు.

కమిటీ కూర్చుని తేల్చేసింది. శుక్రవారం పొద్దున యోరాము తుపాకీ తెచ్చి అప్పగించాలి. కాపలా పని గిడియోనుకు, రెండు గొట్టాల తుపాకీ ఊరికి, దాన్ని దొరే తెచ్చి మార్చి ఇస్తాడు. ఆ మాట తెలిసిన రోజు నేలియా నా దగ్గరికి వచ్చింది. ఏమీ కొనలేదు.

"వదినా, ఇన్నేళ్ళూ ఆయన వేరేవాళ్ళ తుపాకులు తుడిచాడు. ఒకటి చేతికొచ్చి నెల తిరగలేదు. ఇది పోతే ఆ మనిషికి ఇంకో పని రాదు" అంది. గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండేది, నాలుగు ఎదురు తిట్టేదాన్ని. ఆ పూట వాయి మొత్తం మాడిపోయింది.

శుక్రవారం పొద్దున బేసిను పట్టుకుని గుమ్మడాకు కోసుకోవడానికి నది పక్క తోటకు వెళ్ళాను. రెల్లు పక్కన వంగి ఉన్నాను. వెనకాల ఎవరో ముక్కు చీదినట్టయింది. తిరిగి చూస్తే ముసలి ఒంటి దున్న. ముందుకాలికి ఎవడో పెట్టిన ఉచ్చు తీగ బిగుసుకుని, చీము కారుతోంది. దాని కొమ్ములు మా ఆఫీసు తలుపంత వెడల్పు ఉన్నాయనను. ఉన్నాయి గానీ అనను.

బేసిను దాని మొహాన విసిరి పరుగెత్తాను. రెండు అంగలు వేశానో లేదో, చెప్పు బురదలో దిగబడి బోర్లా పడ్డాను. నేల అదురుతోంది. కాలిబాట మీద ఎవరో కనబడ్డారు. యోరాము. తుపాకీ అప్పగించడానికి ఆఫీసుకు పోతున్నాడు. రెల్లు దాటేదాకా తూటాలు తీయకపోవడం ఆయన అలవాటు.

ఆయన గురి చూడటం నాకు కనిపించలేదు. తుపాకీ నడుము దగ్గర ఉంది, మరుక్షణం భుజం మీద ఉంది. మధ్యలో ఏమీ లేదు. ఒక దెబ్బ. నేను పీల్చిన ఊపిరి వదిలేలోపు రెండో దెబ్బ. నా నోటినిండా మట్టి.

కాసేపటికి అడుగుల చప్పుడు.

"బతికే ఉన్నావా ఎలిటా?"

"తెలీదన్నా. నువ్వే చూసి చెప్పు."

"నాకు చూపు లేదుగా."

మట్టిలో పడి ఏడుస్తూ నవ్వాను. ఆయన నన్ను లేవదీసి, నా బేసిను వెతికి తెచ్చి ఇచ్చాడు. అది సొట్టపడింది.

"మరి ఆ రోజు కళ్ళెందుకు మూసుకున్నావు?"

"దున్న మీదికొచ్చేటప్పుడు గురి చూసుకునే తీరిక ఉంటుందా? నేను దాన్నే చూస్తుంటాను. తుపాకీ తనంతట తనే నేను చూసే చోటుకు రావాలి. కళ్ళు మూసుకుని ఎత్తి, తెరిచి చూసుకుంటే తెలుస్తుంది. పెద్దది తెరిచేసరికి ఆఫీసు కప్పును చూస్తోంది. అది పొడుగు చేతులవాళ్ళకు చేసింది. రెండోది గ్లాసుకు జానెడు పక్కకు పోయింది. పైగా తరవాత అది ఊరవతల కాల్చి చూస్తే ఒక్క దెబ్బకే భుజం పోయింది, రెండో తూటాకు ఇంకెక్కడి బలం? ఇది నాలుగుసార్లు ఎత్తాను. నాలుగుసార్లూ గ్లాసే."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదా!"

"ఎవరికి? నువ్వు అప్పటికే బోరింగు దగ్గరున్నావు."

ఆఫీసుకు వెళ్ళి ఆయన చేసిన పనేమిటో తెలుసా? తూటాలు తీసి, తుపాకీ బల్ల మీద పెట్టి, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు. దున్న ఊసే ఎత్తలేదు. వెనకాలే బురద కారుతూ నేను దూసుకొచ్చాను.

"తీసుకోకండి! దున్న! నా నుంచి నాలుగడుగుల దూరంలో పడగొట్టాడు! రెండే తూటాలు!"

అందరూ నన్ను చూశారు. ఒకళ్ళూ లేవలేదు.

"ఎలిటక్క నాలుగడుగులంటే నలభై" అన్నాడు గిడియోను.

"పోయినేడు నువ్వు చూసిన మొసలి ఎంతుందన్నావు?" సందిఫోలో అడిగాడు.

"బస్సంత."

"వెళ్ళి చూస్తే?"

"ఉడుము" అన్నాను.

ఆఫీసు విరగబడి నవ్వింది. ఇన్నేళ్ళూ నేను కలిపిన మాటలన్నీ ఒకేసారి వచ్చి ఆ మనిషి పని మీద కూర్చున్నాయి. యోరాము కలం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన చేయి పట్టేసుకున్నాను.

"పెద్దయ్యా, నన్ను నమ్మొద్దు. వచ్చి కొలవండి. దాని ముక్కు అక్కడే ఉంది, నా చెప్పూ అక్కడే ఉంది."

ముసలి దొర ముందు లేచాడు. ఆయన వెనకాల సందిఫోలో, ఆయన వెనకాల ఊరు. దున్న ముక్కు దగ్గర మొదలుపెట్టి, బురదలో దిగబడిన నా చెప్పు దాకా సందిఫోలో స్వయంగా అడుగులు వేస్తూ కొలిచాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగో కాలు సగంలోనే ఆగిపోయింది, కింద నా చెప్పు.

"మూడున్నర" అన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఎలిటా అపాయం తగ్గించి చెప్పింది!"

దున్నను చూసి కూడా ఊరు అంత ఆశ్చర్యపోలేదు. దాని కళ్ళకు కాస్త పైన రెండు గుళ్ళూ దిగిన చోటును దొర వేలితో చూపించాడు. నా వితుంబువ ఒకటి పెడితే రెండూ కప్పుకుపోతాయి.

గిడియోను ఆఫీసుకు తిరిగి వచ్చి, ఎవరూ అడగకుండానే రెండు గొట్టాల దాన్ని తీశాడు. తూటా లేదని చూసుకుని, మామిడికొమ్మకు ఇంకా వేలాడుతున్న గ్లాసు వైపు చూసి, కళ్ళు మూసుకుని ఎత్తి, తెరిచాడు. అది మరుగుదొడ్డి తలుపును చూస్తోంది.

"దొరగారూ, దీన్ని మీరే పట్టుకెళ్ళండి" అని, గీతలు పడ్డ తుపాకీని రెండు చేతులతో తెచ్చి యోరాముకు ఇచ్చాడు. "బాబాయ్, ఈ కళ్ళు మూసుకునేది నాకూ నేర్పు."

"మేకతో మాట్లాడటం కూడా నేర్పుతాను" అన్నాడు యోరాము. నేను తల ఎత్తలేదు.

ఆ రోజు మాంసం ఊరంతటికీ పంచారు. ప్రతి ఇంట్లో మొక్కజొన్న పిండి న్షిమ ముద్ద పక్కన దున్న కూర ఉడికింది. నేను నేలియా ఇంటికెళ్ళి గుమ్మంలో కూర్చున్నాను. అనాల్సినవన్నీ అంది, నేను పడ్డాను, ఆ తరవాత పళ్ళెం పెట్టింది.

ఇప్పటికి పదకొండేళ్ళు. ప్రతి శుక్రవారం యోరాము తుపాకీ పట్టీ సర్దుకుంటూ నా పొయ్యి దగ్గర ఆగుతాడు. ఆ ముడి ఇంకా అలాగే ఉంది. వేడివేడిగా నాలుగు వితుంబువ ఆకులో పెట్టి ఇస్తాను. మూడు తీసుకుంటాడు. నాలుగోది సగానికి తుంచి, ఒక సగం నా చేతిలో పెట్టి వెళ్ళిపోతాడు.