గోడ కూలిన మధ్యాహ్నం

లాల్‌దర్వాజా వెనక సందులో నూరున్నీసాను అందరూ దవాఖాన నూరమ్మ అనేవారు. భర్త పోయాక చాలా ఏళ్లు ఆస్పత్రిలో ఆయాగా చేసింది. నర్సుల పక్కన నిలబడి చూసి చూసి గాయం కడగడం, కట్టు కట్టడం నేర్చుకుంది. సందులో ఎవరి చెయ్యి తెగినా, ఎవరి బిడ్డ ఒళ్లు కాలినా ముందు ఆమె తలుపే తట్టేవారు.

పంతొమ్మిది వందల నలభైల మొదట్లో ఓ శ్రావణమాసం. ముసురు ఎంతకీ వదల్లేదు. ఒక మధ్యాహ్నం ఎదురింటి మట్టిగోడ నానినాని లోపలికి కూలింది. లోపల ఆ ఇంటి బీరయ్య తల్లి నాగమణమ్మ, భార్య కమల ఉన్నారు.

బీరయ్య కేకలు పెడుతూ లోపలికి ఉరకబోతే నూరున్నీసా అతని చొక్కా పట్టి గుంజింది.

"ఆగు బీరన్నా! పైన దూలం ఊగుతున్నది. నువ్వు గూడ కిందవడితే వాళ్లనెవరు తీయాలె?"

దూలానికి గుంజలు ఊతం పెట్టేదాకా ఎవర్నీ పోనివ్వలేదు. ఆ కాస్సేపూ బీరయ్య ఆమెను తిట్టని తిట్టు లేదు.

ఇద్దరినీ తెచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. నాగమణమ్మ కడుపు పట్టుకుని గుండెలవిసేలా అరుస్తోంది. జనమంతా అటే మూగారు. కమలలో చలనం లేదు. నూరున్నీసా కమల పక్కన మోకాళ్ల మీద కూలబడింది.

"మా అవ్వను చూడు నూరమ్మా! ఎట్ల ఒర్లుతున్నదో!"

"అరుస్తున్నదంటే ఊపిరున్నట్టే బీరన్నా. దీన్ని చూడనియ్యి."

కమల నోటినిండా మట్టి. వేలితో తోడేసి పక్కకు ఒత్తిగిలించింది. ఒక దగ్గు వచ్చి ఊపిరి కదిలింది. తొడ నుంచి నెత్తురు చిమ్ముతోంది. దుపట్టా మడతపెట్టి గాయం మీద వేసి, ఒంటి బరువంతా మోపి నొక్కింది.

ఇంతలో నాగమణమ్మ అరుపు సన్నగిల్లింది. నూరున్నీసా మెడ తిప్పి చూసింది. ముసలామె ముఖం సున్నంలా పాలిపోయింది. చెయ్యి తీస్తే కమల దక్కదు.

"అవ్వకు దుప్పటి కప్పుండ్రి! నీళ్లు తాపకుండ్రి! జల్ది జట్కా తెండ్రి!" అని అక్కడి నుంచే అరిచింది.

జట్కా వచ్చేసరికి నాగమణమ్మ ప్రాణం పోయింది.

కడుపు లోపల నెత్తురు కారి ముసలామె చనిపోయిందనీ, అరుగు మీద ఎవరూ చేయగలిగింది లేదనీ డాక్టరు చెప్పాడు. బీరయ్య నమ్మలేదు. "ముందు మా అవ్వను పట్టుకుంటే బతుకుతుండె" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పాడు. నూరున్నీసా తలుపు తట్టేవాళ్లు తగ్గిపోయారు. ఆమె కూడా రొట్టెలు చేస్తూ చేస్తూ చేతులాపి, మాడు వాసన వచ్చేదాకా అలాగే కూర్చుండిపోయేది.

చలికాలం చివర్లో కమల కుంటుకుంటూ వచ్చి గడపలో కూర్చుంది.

"అత్త గట్ల అరుస్తుంటే నా దిక్కెందుకొచ్చినవ్ నూరమ్మా?"

"అప్పుడు నీకు ఊపిరాడుతలేకుండె బిడ్డా. అవ్వకు ఇంకింత సేపుందనుకున్న." కమల కాలి వంక చూస్తూ, "గట్లనుకున్న" అంది మళ్లీ.

బీరయ్య వచ్చే వేళయిందని కమల గోడ పట్టుకుని లేచింది. తాను ఇక్కడికి వచ్చినట్టు అతనికి తెలియనివ్వదు.