ధర్మవరం వరుసలో సున్నాలు

ఆ రోజుల్లో లెక్కకు అందనిది నిజం కాదని నా గట్టి నమ్మకం. కుర్రతనంలో ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి ఉంటుంది, నాది అది. హిందూపురంలో ఒక చిన్న ఆఫీసు మాది. పట్టుచీరల అంచులు గీసే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. కంప్యూటరు నాకెవరూ నేర్పలేదు (నేర్పి ఉంటే ఇది రాసే అవసరం వచ్చేది కాదు). ఇంకో ఇద్దరు ఇళ్ల నుంచే పని చేసేవారు. ఒకరు పెనుకొండ బావ (నాకు బావ కాదు, అందరికీ బావే), ఇంకొకరు ధర్మవరం చెల్లెలు (ఈ వరుసా అలాంటిదే). అందరి కోడ్‌నూ ఇంటర్నెట్‌లో ఒకే సైటులో దాచేవాళ్లం. ఎవరేది మార్చినా మా చాట్ గ్రూపులో దానంతటదే మెసేజ్ పడేటట్టు కలిపింది నేనే. ఆ మెసేజ్‌లను రోజూ లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసిందీ నేనే, ఎవరూ అడక్కుండానే. ఆఫీసు నడిపే సారు ఆ పుస్తకం చూసి మురిసిపోయాడు. "నెలాఖరుకు ఇద్దర్లో ఒకరిని పర్మనెంట్ చేస్తాం. నీ లెక్క ఎట్ల చెప్తే అట్లనే" అన్నాడు.

బావ కామా పెడితే ఒకసారి, తీస్తే ఒకసారి పంపేవాడు. రోజుకు పంతొమ్మిదికి తక్కువుండేవి కావు. చెల్లెలివి మొదట నాలుగైదు వచ్చేవి, తర్వాత సున్నా. వారమంతా సున్నాలే. ఫోన్ చేశాను.

"ఏమ్మా, పని చేస్తాండావా లేదా?"

"అయ్యో, రోజూ పంపుతానే ఉండానన్నా. ఆడ పడలేదా? అయితే నువ్వు కలిపిన దాంట్లోనే ఏదో ఉండాది, చూడు."

నేను కలిపిన దాంట్లో తప్పా! మెసేజ్ పడుతుందో లేదో చూసే టెస్ట్ బటన్ పదకొండు సార్లు నొక్కాను. పదకొండు మెసేజ్‌లూ ఠంచనుగా పడ్డాయి. "ఏమబ్బా, పొద్దున్నుంచి టెస్టు టెస్టని తల తింటాండావు" అని బావ గ్రూపులోనే విసుక్కున్నాడు. యంత్రం బాగుంది కనుక మనిషిలోనే లోపమని తేల్చి, సున్నాలను ఎర్ర ఇంకుతో దిద్ది సారు ముందు పెట్టాను. ఉద్యోగం బావకు దక్కింది.

రెండు రోజులకు చెల్లెలు ఆఫీసు లాప్‌టాప్ తిరిగి ఇవ్వడానికి బస్సులో వచ్చింది. ఇచ్చే ముందు సైటు తెరిచి చూపించింది. ఒక అంచు పనంతా పూర్తయి ఉంది, ఇరవై మూడు మార్పులతో.

"అసలు కోడ్‌ను ముట్టుకోవద్దు, పని అయ్యేదాకా పక్కన బ్రాంచ్ అని వేరే కాపీ చేసి దాంట్లో పెట్టుకో అని చెప్పింది నువ్వే గదన్నా?"

నేనే. గ్రూపులో గోల ఎక్కువైందని, అసలు కోడ్‌లో మార్పులకు మాత్రమే మెసేజ్ రావాలని ఆ వారమే సెట్టింగ్ మార్చిందీ నేనే. టెస్ట్ బటన్‌కు ఈ నియమాలేవీ పట్టవు, ఎప్పుడు నొక్కినా పలుకుతుంది. సైటు మాత్రం నేను ఒక్కనాడూ తెరవలేదు.

"ఒక్కసారి ఈడ తెరిచి చూసింటే అయిపోతాండె" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆమె మెట్లు దిగగానే సారు దగ్గరికి పరుగెత్తాను. "ఇచ్చిన ఉద్యోగం యాడ వెనక్కి తీసుకుంటామప్పా?" అన్నాడు. ఇక మిగిలింది క్షమాపణే అనుకుని, నాలుగుసార్లు దిద్ది గ్రూపులో పెట్టాను. సరేనన్నట్టు పైకెత్తిన బొటనవేలి బొమ్మలు రెండు వచ్చాయి, సారుది, బావది. మూడోదాని కోసం ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాను. పొద్దునే సారు ఆమెను గ్రూపులోంచి తీసేశాడని బావ చెప్పేదాకా తెలియలేదు.

ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, సగం నవ్వే. నేనట్లా ఫోన్ చూస్తూ కూర్చున్నప్పుడు, ఆమె ఎక్కాల్సిన ధర్మవరం బస్సుకు ఇంకా అరగంట ఉంది. ఆఫీసు నుంచి బస్టాండుకు ఆరు వందల నలభై అడుగులు. ఎప్పుడో లెక్కపెట్టాను.